చేతిమట్టి

“రాజమండ్రిలో ఆనపకాయలు దొరకవా మామయ్యా?” అని హర్షిత అడగడం అది మూడోసారి. గొడవ మొదలై అప్పటికి ముప్పావుగంటయింది. హాలు మధ్యలో పెట్టె నోరు తెరుచుకుని ఉంది. పక్కన పాప పట్టులంగా, పాల సీసాలు, మూడు జతల చెప్పులు, రెండు ఆనపకాయలు.

“ఎందుకు దొరకవమ్మా? వారానికోసారి లారీ వచ్చినప్పుడు దొరుకుతాయి. ముదిరిపోయి, గోరు దిగనివి.” జనార్దన్ ఒక కాయను ఒళ్ళోకి తీసుకుని వేలితో తట్టాడు. “దీని లేత చూడు. ఈ వేసవిలో మీ నాన్నగారు ఇలాంటిది కంటితో చూశారేమో ఫోన్ చేసి అడుగు.”

“పాప చెవులు కుట్టించడానికి వెళ్తున్నాం మామయ్యా. పెట్టె తెరవగానే ఇవి బయటపడితే మా పిన్నివాళ్ళంతా నవ్వుతారు.”

“నవ్వనీ. కూర తిన్నాక నవ్వమను చూద్దాం.”

“తరుణ్, నువ్వైనా చెప్పు.”

తరుణ్ ఫోన్లోంచి తలెత్తలేదు. “రెండూ పట్టించు” అన్నాడు.

“అలాగే. పట్టులంగా ఇక్కడ పడేసి, పాపకి ఆనపకాయ కడతా.”

వంటింట్లో పులిహోర పొట్లాలు కడుతున్న ప్రసూనకు నవ్వొచ్చింది. నవ్వుతూనే లెక్క చూసుకుంది. పెద్దవాళ్ళకు మూడు పొట్లాలు, పాపకు కారం లేకుండా చిన్నది ఒకటి. తనకోసం గిన్నెలో అడుగున కాస్త మిగిల్చుకుంది. మొదటి ఏడాది ఎక్కడికి బయల్దేరినా “నువ్వు కూడా వస్తే బాగుండేది” అనేవారు. తరవాత “నువ్వెలాగూ రాలేవు కదా” అన్నారు. ఇప్పుడు ఏమీ అనరు. అందులో ఎవరి తప్పూ లేదు. గోడ గడియారాన్ని ఊరికి రమ్మని ఎవరు పిలుస్తారు?

చివరికి ఆనపకాయలు నారసంచిలో పడ్డాయి. సంచి జనార్దనే మోయాలన్న ఒప్పందం మీద. ఆటో వచ్చింది. మూడేళ్ళ పాప ఇహ గుమ్మంలో ఆగి, ప్రసూన చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

“నానమ్మ రాదా?”

“నానమ్మ వస్తే పైన మొక్కలు ఏడుస్తాయి నాన్నా,” అంది హర్షిత, పాపను ఎత్తుకుంటూ. “వీడియో చూపిస్తాం అత్తయ్యా. మా తమ్ముడి ఒళ్ళో కూచోబెట్టగానే ఫోన్ చేస్తా.”

ఆటో సందు మలుపు తిరిగేదాకా నిలబడి, ప్రసూన లిఫ్టెక్కి అయిదో అంతస్తులో దిగి, అక్కణ్ణుంచి మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళింది. అప్పటికే పావుగంట ఆలస్యమైంది.

ఆరేళ్ళ కిందట ఆ మేడ మీద నీళ్ళ ట్యాంకులు, తుప్పు పట్టిన యాంటెన్నాలు, బట్టలారేసే తీగలు ఉండేవి. వేసవిలో కాలు పెడితే కాలిపోయేది. ఇప్పుడు మెట్ల తలుపు తెరవగానే పచ్చటి చల్లదనం మొహానికి తగులుతుంది. పందిళ్ళ మీద బీర, పొట్ల, ఆనప. కింద తొట్లలో వంగ, బెండ, గోంగూర. నీళ్ళ గొట్టం మాత్రం ఎక్కడా ఉండదు. మాఘం వెళ్ళేసరికి కృష్ణలో ఇసుక తప్ప ఏమీ కనపడని ఈ విజయవాడలో, మనుషులు తాగడానికే ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే రోజుల్లో, మొక్కలకు నీళ్ళు పోస్తే పాపం తగులుతుంది. ఈ మట్టి గాలిలోని తేమను అదే పీల్చుకుంటుంది.

ప్రసూన గాజులు పైకి జరుపుకుని, మధ్యనున్న పెద్ద తొట్టిలో రెండు చేతులూ మణికట్టు దాకా దించింది. మొదట చల్లగా తగిలింది. నాలుగైదు నిమిషాలకు మట్టి వేళ్ళ చుట్టూ మెల్లగా వెచ్చబడింది. దూడ మూతిలా. ఆ వెచ్చదనం తొట్టి నుంచి తొట్టికి, కింద గొట్టాల్లో నింపిన మట్టి మీదుగా మేడంతా పాకుతుందని చెప్పారు. మనిషి అరచేతి చెమటా, చర్మం మీద కంటికి కనపడకుండా బతికే క్రిములూ దీనికి ఆహారం. ఏ చేతితో మొదట పెంచితే ఆ చేతికే అలవాటు పడుతుంది. గన్నవరం పరిశోధనశాల వాళ్ళు దానికి పెట్టిన పేరు పొడుగ్గా ఏదో ఉంది. జనం చేతిమట్టి అన్నారు.

పొద్దున్న అరగంట, సాయంత్రం అరగంట. వరసగా రెండు పూటలు తప్పితే మట్టి తెల్లబడుతుంది. మూడో పూటకు చస్తుంది, మళ్ళీ బతకదు. కాగితం మీద రాసింది చదివి భయపడిన మనిషి కాదు ప్రసూన. కళ్ళారా చూసింది. మొదటి ఏడాదిలోనే సత్యనారాయణపురంలో ఒకావిడ తండ్రి పోతే కడచూపుకు వెళ్ళి మర్నాడు రాత్రికి తిరిగొచ్చింది. మేడంతా సున్నం చల్లినట్టయింది. ఆవిడ ఆ తెల్లటి మట్టిలో మోచేతుల దాకా చేతులు కుక్కుకుని, ఏడుస్తూ కూచుంది. తండ్రి కోసం ఏడుస్తోందో మట్టి కోసమో ఎవరికీ తెలియలేదు.

ఈ కృష్ణతులసి అపార్ట్‌మెంట్స్‌లో ఇరవై నాలుగు ఇళ్ళు. ఇరవై నాలుగు ఇళ్ళ కూరా ప్రసూన చేతిలో ఉంది.

మట్టిలో చేతులుంటే ఫోన్ పట్టుకోలేదు. అందుకని స్పీకరు పెట్టి తొట్టి అంచున నిలబెట్టుకుంటుంది. రోజూ ఆ వేళకు బొబ్బిలికి ఫోన్ చేస్తుంది. అక్క సుభాషిణి కూతురు ధరణి ఎత్తింది.

“పిన్నీ, ఇస్తున్నానుండు. అమ్మా, ఎవరో చూడు.”

“ఎవరండీ?” అంది అక్క.

తనకంటే పదకొండేళ్ళు పెద్దది. తల్లి పోయాక జడలేసింది, పరీక్ష ఫీజు కట్టడానికి చెవి దుద్దులు తీసిచ్చింది. “ఏటే పసూ” తప్ప ఇంకో మాటతో పిలిచి ఎరగదు. ఇప్పుడు అండీ అంటోంది. మరచిపోయినా పరవాలేదు, ఆ మర్యాద మాత్రం ప్రసూన తట్టుకోలేకపోతోంది.

“నేనక్కా. పసూని.”

“అలాగాండీ. మా చెల్లి పేరు కూడా అదేనండి. అది విజయవాడలో ఉంటాది. రాదండి, పనండి దానికి.”

ధరణి ఫోన్ తీసుకుంది. “నిన్న పొద్దున్న బాగానే ఉంది పిన్నీ. నీ పేరెట్టి పిలిచింది కూడా. పొద్దున్న పూట ఒక్కోసారి తెలుస్తాది. అదీ తగ్గిపోతంది.”

జబ్బు ఇంత ముదరకముందే, మూడేళ్ళ కిందటి మాఘంలో, అక్కే ఫోన్ చేసింది. “డాక్టరు చెప్పాడే. మతి పోతుందట మెల్లిగా. నువ్వెవరో నాకు తెలుస్తుండగానే ఒకసారి వచ్చి నాలుగు రోజులుండి పోవే.” ప్రసూన మట్టి సంగతి చెప్పింది. ఇరవై నాలుగు ఇళ్ళక్కా అంది. పోనీ నువ్వే రా అంటే, బండి ఎక్కిస్తే బెదిరిపోతోందని ధరణి ఒప్పుకోలేదు. అక్క ఇంకోసారి అడగలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. రత్నమేరీ చెంబుతో వచ్చింది. ఎదుటి పెంకుటింటి పక్క డాబాలో ఉంటుంది, బట్టలు కుడుతుంది.

“వెళ్ళారా అక్కా అంతా? పులిహోర వాసన మా మిషను దాకా వచ్చింది. మాకేం పెట్టలేదు.”

“గిన్నెలో అడుగున ఉంది, పోయి తిను.”

“అడుగుదే రుచి,” అంటూ చెంబు కింద పెట్టింది. ప్రసూన చేతులు బయటికి తీసి, గిన్నెడు నీళ్ళలో రుద్ది కడుక్కుని, ఆ నీళ్ళు చెంబులో పోసింది. ఈ తంతు నాలుగేళ్ళుగా నడుస్తోంది. పరిశోధనశాలకు తెలియదు.

తెలిస్తే ఒప్పుకోరు. మట్టి ఎవరికీ ఇవ్వకూడదు, ఒక చోటి మట్టి ఇంకోచోట కలపకూడదు అని మొదటి రోజే సంతకం పెట్టించుకున్నారు. కానీ రెండో ఏడాది వేసవిలో రత్నమేరీ స్టీలు డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి “గుప్పెడు మట్టి పెట్టక్కా” అంటే, లేదనడం ప్రసూనకు చేతకాలేదు. పాలు తోడెయ్యడానికి చేమిరి అడిగితే లేదనే ఆడది ఉంటుందా? దీపాలు పెట్టాక ఇవ్వకూడదు కాబట్టి, పొద్దు ఉండగానే వచ్చి తీసుకెళ్ళమంది, అంతే. రత్నమేరీ తరవాత పర్వీన్, ఆ తరవాత పాల బూత్ వాళ్ళావిడ. సందులో పదకొండు డాబాలు పచ్చబడ్డాయి. ఇది నా చేయి ఎరిగిన మట్టి, నా చేయి లేందే బతకదు అని ప్రసూన అందరికీ మరీ మరీ చెప్పింది. అందుకే రోజూ ఆ కడుగు నీళ్ళు.

రత్నమేరీ చెంబెత్తుకుని వెళ్ళగానే ఫోన్ మోగింది. పరిశోధనశాల నుంచి డాక్టర్ నఫీసా.

“ప్రసూన గారూ, మధ్యాహ్నం ఒకసారి రాగలరా? సాయంత్రం పూటకు మిమ్మల్ని ఇంట్లో దింపించే పూచీ నాది.”

ఆవిడ గొంతులో ఏదో దాస్తున్నట్టుంది. బస్సులో గన్నవరం దాకా ప్రసూన ఒడిలో చేతులు ముడుచుకునే కూచుంది, ఎవరో చూస్తారన్నట్టు.

పరిశోధనశాలలో ఏసీ చలి. బల్ల మీద గాజు పలకల్లో మట్టి మరకలు. డాక్టర్ నఫీసాకు నలభై ఏళ్ళుంటాయి, మాటల్లో తొందరెక్కువ. కంప్యూటర్ తెర తిప్పి చూపించింది. గుండ్రటి బొమ్మ, రంగురంగుల ముక్కలు.

“కొత్త యంత్రం వచ్చింది. సరదాకి మీ మట్టి పెట్టి చూశాం. ఇది మీ చేయి.” సన్నటి ఆకుపచ్చ ముక్క ఒకటి చూపించింది. “నూటికి ఏడు పాళ్ళు.”

“మిగతాది?”

“అదే మిమ్మల్ని అడుగుదామని. ఇందులో పందొమ్మిది మంది చేతులున్నాయి.”

ఇక దాచి లాభం లేదు. ప్రసూన స్టీలు డబ్బా సంగతి చెప్పింది. చేమిరి సంగతి, పదకొండు డాబాల సంగతి, కడుగు నీళ్ళ సంగతి చెప్పింది. “తప్పే మేడమ్. సంతకం పెట్టి కూడా ఇచ్చాను.”

“ఇచ్చారు సరే. వాళ్ళ చేతులు మీ తొట్లోకి ఎలా వచ్చాయి?”

ప్రసూన ఆలోచించింది. ఆలోచిస్తే తట్టింది. “డబ్బా తిరిగిచ్చేటప్పుడు…”

“ఊ?”

“ఖాళీ గిన్నె ఎవరూ తిరిగివ్వరు కదండీ. ఏదో ఒకటి వేసిస్తారు. మట్టి తీసుకెళ్ళిన డబ్బాలో ఏం వేస్తారు, వాళ్ళ మట్టే గుప్పెడు వేసి తెచ్చేవాళ్ళు. నేను తొట్లో వంపేసేదాన్ని. రత్నమేరీ అయితే పండక్కి పండక్కీ తెచ్చేది.”

డాక్టర్ నఫీసా కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. ఏడుస్తోందేమోనని ప్రసూన కంగారుపడింది. నవ్వుతోంది.

“తొమ్మిదేళ్ళు ప్రసూన గారూ! ఒక చేతి మట్టిని ఇంకో చేతికి ఎలా అలవాటు చేయాలా అని తొమ్మిదేళ్ళు ఇక్కడ తలలు బద్దలు కొట్టుకున్నాం. కలిపితే చస్తుందని మేమే రూలు రాశాం, మేమే నమ్మాం. ఒకేసారి సగానికి సగం కలిపాం, అందుకే చచ్చింది. గుప్పెడు గుప్పెడు, నెలల తరబడి… ఆ ఓపిక మాకెక్కడిది?” కళ్ళు తుడుచుకుంది. “ఇప్పుడిది ఎవరి చేయి పెట్టినా బతుకుతుంది. మనిషి చేయి అయితే చాలు. మీరుండాల్సిన పని లేదు.”

మంచి మాట చెప్పినట్టు చెప్పింది. మంచి మాటే. ప్రసూన బల్ల అంచు పట్టుకుంది.

“ఎప్పట్నుంచి?”

“అంటే?”

“ఎప్పట్నుంచి నేను అక్కర్లేదు?”

పరిశోధనశాల వాళ్ళు నెల నెలా తొట్లోంచి పట్టుకెళ్ళిన మట్టి డబ్బాలన్నీ శీతల గదిలో ఉన్నాయి. ఒక్కొక్క ఏడాదివీ తీసి యంత్రంలో పెట్టడానికి రెండు గంటలు పట్టింది. ప్రసూన వరండాలో బెంచీ మీద కూచుంది. కాంటీన్ కుర్రాడు టీ పెట్టి వెళ్ళాడు, అది చల్లారిపోయింది. డాక్టర్ నఫీసా కాగితంతో వచ్చేసరికి ఆవిడ మొహంలో మొదటి సంతోషం లేదు. అడిగిన ప్రశ్న ఏమిటో ఈలోగా అర్థమైనట్టుంది.

“మూడేళ్ళ కిందటి కార్తీకం డబ్బాలోనే మారిపోయి ఉంది.”

కార్తీకం. తరవాత మార్గశిరం, పుష్యం. ఆ తరవాత మాఘం. మాఘంలో అక్క ఫోన్ చేసింది.

“అప్పుడు చూడలేదా మేడమ్?”

“పంట బాగానే వస్తోంది కదా…” ఆవిడ పక్కన కూచుంది. “అంతా సవ్యంగా ఉన్నచోట ఎవరూ విప్పి చూడరు. చూడాల్సింది. తప్పే మాది.”

ప్రసూనకు ఆవిణ్ణి తిట్టబుద్ధి కాలేదు. ఆరేళ్ళుగా తన ఇంట్లో మాత్రం ఎవరు విప్పి చూశారు?

ఇంటికొచ్చాక కూడా ఆమె నమ్మలేదు. యంత్రాలు తప్పు చెప్తాయి. ఈ చేతుల కింద మట్టి వెచ్చబడటం తనకు తెలియదూ? సాయంత్రం మేడెక్కి చేతులు పెడితే ఎప్పట్లాగే వెచ్చబడింది. చూశావా, అనుకుంది. అప్పుడే రత్నమేరీ వచ్చింది.

“రత్నం, రేపట్నుంచి నాలుగు రోజులు రెండు పూటలా నువ్వు ఇందులో చేతులు పెట్టాలి. నేను పైకి రాను.”

“ఒంట్లో బాగోలేదా?”

“బాగానే ఉంది. ఎవరి చేతికైనా బతుకుతుందట ఇది. చూద్దాం.”

రత్నమేరీ మొహంలో ఆశ్చర్యం కోసం ప్రసూన చూసింది. ఆశ్చర్యం లేదు. పమిట చెంగు వేలికి చుట్టుకుంటోంది.

“ఏంటే?”

“తిట్టకూడదు మరి. నీ నీళ్ళు మేమెవ్వరం పోయట్లేదక్కా. ఎప్పుడో మానేశాం. ఒకసారి నాకు జ్వరమొచ్చి వారం రోజులు రాలేదు చూడు, అప్పుడు మా మట్టికి ఏమీ కాలేదు. పర్వీన్ కూడా అదే అంది. సరే, మాది నాటు సరుకు, ఎలాగోలా బతుకుతోంది, నీది ల్యాబువాళ్ళది కాబట్టి నీకు పట్టింపులుంటాయి అనుకున్నాం.”

“మరి రోజూ చెంబు పట్టుకొస్తావే?”

“వాకిట్లో నందివర్ధనానికి పోస్తున్నాలే, దండగేం కాలేదు.” పమిట చెంగు వదిలేసింది. “నువ్వు పైన ఒక్కదానివే ఉంటావు కదక్కా. చెంబు లేకుండా వస్తే ఏం పనని వచ్చావంటావు. అందుకని వంతులేసుకుని వస్తున్నాం.”

ప్రసూన నాలుగేళ్ళుగా ఆ చెంబుల్ని చూసి, పదకొండు డాబాలను మోస్తున్నాననుకుంది. వాళ్ళు వంతులేసుకుని తనను మోస్తున్నారు.

మొదటి రోజు ఇల్లంతా బూజు దులిపింది. ఫ్యాన్లు తుడిచింది. సాయంత్రం అయిదింటికి తెలియకుండానే లేచి గాజులు పైకి జరుపుకుంది, మళ్ళీ కిందికి దించుకుంది. పైన రత్నమేరీ పాడుకుంటున్న పాట మెట్ల సందులోంచి సన్నగా వినిపించింది. రెండు పూటలు గడిచాయి.

రెండో రోజు పాపకు చెవులు కుట్టారు. హర్షిత వీడియో చేసింది. మేనమామ ఒళ్ళో ఇహ, బంగారు తీగ పట్టుకుని వంగిన ముసలాయన, చుట్టూ జనం మోచేతులు. పాప ఏడుపందుకోగానే ఫోన్ ఎవరి చేతిలోంచో జారింది. కాసేపు రాజమండ్రి ఇంటి కప్పు కనపడింది. తరవాత తరుణ్ మొహం. “చూశావా అమ్మా? బాగా కనపడిందా? మట్టి ఎలా ఉంది?”

“బాగుంది నాన్నా.”

జనార్దన్ పక్కనుంచి తల దూర్చాడు. “ఆనపకాయ కూరకు కొట్టుకు చచ్చారోయ్ ఇక్కడ! నీ చేయే చేయి అన్నాడు వియ్యంకుడు.”

మూడో రోజు ఆమె ఏమీ చేయలేదు. బాల్కనీలో కుర్చీ వేసుకుని చేతులు చూసుకుంది. ఆరేళ్ళుగా ఎంత తోమినా పోని నల్లటి గీత గోళ్ళ కింద ఉండేది. పెళ్ళిళ్ళ ఫోటోల్లో చేతులు దాచుకునేది, పెళ్ళిళ్ళకు వెళ్ళిన రోజుల్లో. ఇప్పుడా గీత మెల్లగా వదిలిపోతోంది. ఆమెకు తన మీద తనకే ఒక అనుమానం వచ్చింది. ఒక్కసారైనా, ఈ మూడేళ్ళలో ఒక్కసారైనా, తప్పించి చూడాలని ఎందుకు అనుకోలేదు? వాళ్ళ రూలు సరే. సత్యనారాయణపురం ఆవిడ సరే. ఇరవై నాలుగు ఇళ్ళకు నేను కావాలి అన్న మాట నోటికి ఎంత తియ్యగా ఉండేదో తనకు తెలియదా? అక్కతో ఆ మాట అన్నప్పుడు గొంతులో బాధ ఒక్కటే ఉందా? ఇంట్లో కాఫీ ఎవరిచ్చినా కాఫీయే. తలుపు ఎవరు తీసినా తలుపే. ఆ మట్టి ఒక్కటే తన చేతి కోసం చూసిందనుకుంది.

నాలుగో రోజు పొద్దున్న లిఫ్ట్ దగ్గర రెండో అంతస్తు ఆయన కనపడి, “ఈవారం వంకాయలు అద్భుతం ప్రసూన గారూ” అన్నాడు. ఆమె థాంక్సండీ అంది.

అయిదో రోజు, అంటే వాళ్ళు తిరిగొచ్చే సోమవారం పొద్దున్న, ప్రసూన స్నానం చేసి పైకి వెళ్ళింది. ఎనిమిది పూటలు గడిచాయి. మెట్ల తలుపు ముందు ఒక్క క్షణం ఆగింది. లోపల ఏం కోరుకుంటోందో ఆమెకు తెలుసు. అది పైకి చెప్పుకోగలిగింది కాదు.

పచ్చటి చల్లదనం మొహానికి తగిలింది.

బీర పందిరి అలాగే ఉంది. పొట్లకాయలకు రాళ్ళు కట్టి ఉన్నాయి, వంకర పోకుండా. అది రత్నమేరీ పని, తాను ఎప్పుడూ మరచిపోయేది. గోంగూర కోసిన చోట మళ్ళీ చిగురేసింది. ప్రసూన ఒక్కొక్క తొట్టి దగ్గరా వంగి, ఆకులు తిప్పి తిప్పి చూసింది. ఈనెల వెంట చూసింది. మట్టి అంచుల్లో తెలుపు కోసం గోటితో గీసి చూసింది. ఒక్క ఆకైనా, తన కోసం అలిగినట్టు ఒక్క ఆకైనా వాడి ఉండదా అని.

“ఏం వెతుకుతున్నావక్కా?” అంది వెనకనుంచి రత్నమేరీ.

“ఏం లేదు.”

“నేను సరిగ్గానే చూశాను కదా?”

“నాకంటే బాగా చూశావు.”

రత్నమేరీ చేతులు కడుక్కుని వెళ్ళబోయి ఆగింది. ప్రసూన పిట్టగోడ మీద కూచుని ఉంది, మోకాళ్ళ మీద రెండు ఖాళీ చేతులు. రత్నమేరీ కూడా వచ్చి పక్కన కూచుంది. ఎదురుగా ఊరు. ఎండ అప్పుడే తెల్లబడుతోంది. దూరంగా కృష్ణ ఉన్నచోట ఇసుక మెరుస్తోంది. కింద సందులో పదకొండు డాబాలు, ఒక్కొక్క దాని మీద ఎవరో ఒకరు వంగి ఉన్నారు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. వాళ్ళలో ఎవరైనా రేపు ఊరెళ్ళాలంటే పక్కావిడకు చెప్పి వెళ్తారు. అంతే.

ప్రసూన ఫోన్ తీసి బొబ్బిలికి చేసింది. చేతులకు మట్టి లేదు కాబట్టి చెవికి ఆనించుకుంది. ఆరేళ్ళలో మేడ మీద అలా మాట్లాడటం అదే మొదలు. అక్క గొంతు మరీ దగ్గరగా వినిపించింది.

“ఎవరండీ?”

“విజయవాడ నుంచండీ,” అంది ప్రసూన. “మీ చెల్లి తన పని తీరిందని చెప్పమంది.”

“మంచిదండి. తిన్నాదో లేదో కనుక్కోండి. పన్లో పడితే తిండి మర్చిపోతాది,” అంది అక్క.

ప్రసూన రత్నమేరీ భుజానికి తల ఆనించుకుని చాలాసేపు ఏడ్చింది.

మధ్యాహ్నానికి అందరూ దిగారు. ఇహ చెవులకు ఎర్రరాళ్ళ పోగులు. పెట్టెలో కాకినాడ కాజాల డబ్బా, పూతరేకులు, ప్రసూనకు నేత చీర. జనార్దన్ చెప్పులు విప్పుతూనే రాజమండ్రి విశేషాలు మొదలుపెట్టాడు. ఆనపకాయల గొడవలో తానే గెలిచాడని హర్షిత చేత ఒప్పించాలని చూశాడు. “కూర బాగుందన్నారు, నిజమే. నవ్వారు, అదీ నిజమే,” అంది హర్షిత. ప్రసూన పీటలు వాల్చింది, కంచాలు పెట్టింది. బీరకాయ పప్పు, వంకాయ కూర, చారు. అందరూ ఆకలి మీద ఉన్నారు. ఎవరూ ఆమె చేతుల వంక చూడలేదు.

చారు అన్నం దాకా వచ్చాక ఆమె కూడా కూచుంది.

“నేను రేపు పొద్దున్న బండికి బొబ్బిలి వెళ్తున్నాను,” అంది.

జనార్దన్ ముద్ద నోటి దగ్గర ఆపాడు. “అదెలా? మట్టి?”

“దానికి ఎవరి చేయైనా ఒకటేనట. మూడేళ్ళుగా అంతేనట. డాక్టరమ్మ చూసి చెప్పింది. నేనూ నాలుగు రోజులు పైకెక్కకుండా చూశాను.”

తరుణ్ తల్లి వంక చూశాడు. “మూడేళ్ళుగానా? అంటే పెద్దమ్మ రమ్మన్నప్పుడు…” అని ఆగిపోయాడు. హర్షిత కంచంలో చేయి పెట్టుకుని అలాగే ఉండిపోయింది. పాప పోగులు తడుముకుంటోంది.

“ఎన్నాళ్ళు ఉంటావు?” అన్నాడు జనార్దన్. ఆయన గొంతు తగ్గింది. “ఆవిడ నిన్ను గుర్తుపట్టట్లేదన్నావు కదా.”

“పొద్దున్న పూట ఒక్కోసారి తెలుస్తుందట. ఏ రోజో చెప్పలేం. అందుకని అక్క ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉంటాను.” ప్రసూన చారు గిన్నె ఆయన వైపు జరిపింది. “పైన పొద్దున్న అరగంట, సాయంత్రం అరగంట. మీరు ముగ్గురూ వంతులేసుకోండి. రత్నం నేర్పుతుంది.”